వాచీలో 140 కేలరీలు, ఇంట్లో దోసె ఎగతాళి

కావలి నుంచి ఒక ప్రైవేటు స్కూలు టీచరు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. వయసు 39, ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. కిందటేడు చివర్లో చేయించుకున్న రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది (రక్తంలో చక్కెర మూడు నెలల సగటు చెప్పే అంకె అది). డాక్టరు మందులేమీ రాయలేదు. కాస్త బరువు తగ్గమని, ఒళ్లు కదిలించమని చెప్పి పంపారట. ఇంటికి దగ్గర్లో ఆడవాళ్లకి ఉదయం పూట విడిగా టైమిచ్చే జిమ్ ఉంటే నెలకు వెయ్యి రూపాయలు కట్టి చేరారు. అయిదు నెలలుగా వారానికి మూడు రోజులు, రోజుకు 50 నిమిషాలు బరువులెత్తుతున్నారు.

గొడవ వాచీతో మొదలైంది. రొయ్యల మేత దుకాణం నడిపే భర్త పెళ్లిరోజుకి ప్రేమగానే కొనిచ్చిన స్మార్ట్ వాచీ అది. జిమ్ అయ్యాక 110, 120, మహా అయితే 140 కేలరీలు చూపిస్తుంది. తోటికోడలు సాయంత్రం కాలేజీ గ్రౌండ్‌లో గంట నడిచొస్తే ఆమె వాచీలో 350. దాంతో రోజూ పొద్దున్నే ఆయన ప్రశ్న: "ఈరోజెంత?" జవాబు వినగానే, "వెయ్యి రూపాయలు కట్టి ఒక దోసె కరిగించుకోనొస్తుండావు." జిమ్ ట్రైనరేమో, "వాచీలను నమ్మొద్దు మేడమ్, గంటకి 600 పోతాయి, తర్వాత రెండ్రోజులు కొవ్వు కరుగుతూనే ఉంటుంది" అంటున్నాడు. అత్తగారి భయం వేరు: "ఆడమనిషికి బరువులేందమ్మా, గర్భసంచి జారిపోద్ది."

ఇప్పటికి బరువు 72 నుంచి 70.5కి తగ్గింది, అంతే. ఆ అంకె చూసి పంతంతో రాత్రి భోజనం మానేశారు. మూడు వారాలుగా ఉదయం స్క్వాట్లు (బరువుతో గుంజీళ్లు) చేసి లేచేటప్పుడు కళ్లు తిరుగుతున్నాయి. "జిమ్ మానేసి అక్కతో పాటు నడకకి వెళ్లిపోనా? ట్రైనర్ చెప్పింది నిజమా, మా ఆయన చెప్పింది నిజమా?" అని అడుగుతున్నారు. ఉత్తరం చివర, ఏదో తోచక రాసినట్టుగా రెండు వాక్యాలున్నాయి: పాత జాకెట్లు నడుము దగ్గర వదులయ్యాయట. గుమ్మం దగ్గర దించిన గ్యాస్ బండని వంటింట్లోకి ఇప్పుడు ఎవర్నీ పిలవకుండా తనే ఎత్తి పెట్టుకుంటున్నారట.

సమాధానం:

ముందు కళ్లు తిరగడం సంగతి. మధ్యాహ్నం ఒంటిగంటకి తిన్న అన్నంతో మర్నాడు తెల్లవారి అయిదున్నరకి బరువులెత్తుతున్నారు. మధ్యలో టీ తప్ప ఏమీ లేదని మీరే రాశారు. పదహారు గంటల పైమాట. రేపటి నుంచే రాత్రి భోజనం మొదలుపెట్టండి. జిమ్‌కి వెళ్లేముందు ఒక అరటిపండో, రెండు ఇడ్లీలో తినండి, నీళ్లు తాగండి. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకండి. బిగబడితే బీపీ ఒక్కసారిగా పెరిగి, వదలగానే పడిపోతుంది, అప్పుడు కూడా కళ్లు తిరుగుతాయి. ఇవన్నీ చేసినా వారంలో తగ్గకపోతే జిమ్ ఆపి బీపీ, హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఆ తర్వాతే మిగతా లెక్కలు.

ఇక ఎవరిది నిజమంటారా? కేలరీల వరకు చూస్తే మీ ట్రైనర్ కంటే మీ వారే నిజానికి దగ్గరగా ఉన్నారు. మీకు కష్టంగా ఉంటుందని తెలుసు, కానీ దాచి లాభం లేదు.

మీరు స్క్వాట్ చేసే బార్ 20 కిలోలని రాశారు. దాన్ని అర మీటరు పైకి, పదిసార్లు లేపారనుకుందాం. భౌతిక శాస్త్రం ప్రకారం బార్ మీద జరిగిన పని సుమారు 980 జౌళ్లు. తిండి కేలరీల్లోకి మారిస్తే పావు కేలరీ కూడా రాదు! కండ యంత్రంలా పొదుపుగా పనిచేయదు. ఖర్చు పెట్టిన శక్తిలో ఇరవై, ఇరవై అయిదు శాతమే పనిగా మారుతుంది, మిగతాది వేడి. కాబట్టి ఆ పదిసార్లకి బార్ కోసం మీ ఒళ్లు ఖర్చు చేసింది ఒక కేలరీ చుట్టుపక్కల. దానికి మీ సొంత ఒంటిని కూడా లేపడం, మెల్లగా దించడం, నడుము వంగిపోకుండా నిలబెట్టుకోవడం, గుండె గబగబా కొట్టుకోవడం కలిపితే ఖర్చు ఇంకొన్ని రెట్లు పెరుగుతుంది. పెరిగినా పెద్ద అంకె కాదు.

ఇంకో సంగతి. మీ 50 నిమిషాల్లో నిజంగా బరువు చేతిలో ఉండేది ఎంతసేపో ఒకరోజు చూసుకోండి. పదిహేను సెట్లు (సెట్ అంటే ఆగకుండా ఒక వరసలో ఎత్తేది), సెట్‌కి నలభై సెకన్లు అనుకుంటే మొత్తం పది నిమిషాలు. మిగతా నలభై నిమిషాలు మీరు ఆయాసం తీర్చుకుంటున్నారు, నీళ్లు తాగుతున్నారు, ప్లేట్లు మారుస్తున్నారు, పక్కావిడతో మాట్లాడుతున్నారు. అది తప్పేం కాదు, బరువుల వ్యాయామం ఉండేదే అలా. నడకలో ఆ విరామం లేదు. మీ తోటికోడలు గంటసేపూ కదులుతూనే ఉంటారు. అందుకే ఆమె అంకె పెద్దది.

వ్యాయామ శాస్త్రంలో దీనికి మెట్ అనే కొలత ఉంది. ఊరికే కూర్చున్నప్పుడు అయ్యే ఖర్చు ఒక మెట్, అంటే కిలో బరువుకి గంటకి సుమారు ఒక కేలరీ. రకరకాల వ్యాయామాలు, ఎనిమిది నుంచి పదిహేనుసార్ల చొప్పున చేసే మామూలు బరువుల సాధనకి 3.5 మెట్లు వేస్తారు. చాలా తీవ్రంగా చేస్తే 6. చురుకైన నడకకి 4.3. మీ 70 కిలోలకి, 50 నిమిషాలకి 3.5 మెట్ల చొప్పున 204 కేలరీలు వస్తాయి. అందులో కదలకుండా కూర్చున్నా ఖర్చయ్యే 58 తీసేస్తే, బరువుల వల్ల అదనంగా పోయింది 146. మీ వాచీ చూపించే అంకెకి ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. మరి ట్రైనర్ చెప్పిన 600? మీ బరువున్న మనిషికి గంటలో అంత పోవాలంటే గంటకు ఎనిమిది కిలోమీటర్లకు పైగా వేగంతో మధ్యలో ఆగకుండా పరిగెత్తాలి.

"తర్వాత రెండ్రోజులు కరుగుతూనే ఉంటుంది" అన్న మాటలో ఆవగింజంత నిజముంది. వ్యాయామం ఆపాక కూడా ఒంట్లో ఆక్సిజన్ వాడకం కొంతసేపు ఎక్కువగానే ఉంటుంది. అయితే అది అసలు ఖర్చులో చాలావరకు ఆరు నుంచి పదిహేను శాతం మధ్యే. మీ విషయంలో పది, ఇరవై కేలరీలు, అంటే టీలో వేసుకునే ఒక చెంచా చక్కెర. "కండ పెరిగితే నిద్రలో కూడా కొవ్వు కరుగుతుంది" అనే మాట కూడా జిమ్ గోడల మీద కనిపిస్తుంటుంది. కిలో కండ ఊరికే ఉన్నప్పుడు రోజుకి ఖర్చు చేసేది సుమారు 13 కేలరీలు, కిలో కొవ్వు నాలుగున్నర. కష్టపడి కిలోన్నర కండ పెంచుకున్నా రోజుకి ఇరవై కేలరీల తేడా. దానికోసం ఎవరూ జిమ్‌లో చేరక్కర్లేదు.

వాచీ మీ విషయంలో దాదాపు సరైన అంకె చెప్పింది కదా అని దాన్ని నమ్మేయకండి. గురి కుదిరింది, అంతే. 2017లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏడు రకాల చేతి వాచీలను పరీక్షించారు. ఆరు వాచీలు గుండె వేగాన్ని అయిదు శాతం లోపు తేడాతో చెప్పాయి. కేలరీల దగ్గర మాత్రం అన్నిటికంటే మెరుగైనది సగటున 27 శాతం తప్పింది, అన్నిటికంటే అధ్వానమైనది 93 శాతం. అదీ నడక, పరుగు, సైకిల్ లాంటి ఒకే తీరు కదలికల్లో. బరువుల దగ్గర ఇంకా కష్టం. పిడికిలి బిగిస్తే మణికట్టు దగ్గర రక్తప్రవాహం మారి వాచీ తడబడుతుంది. పైగా బరువెత్తేటప్పుడు గుండె కొట్టుకునే వేగానికీ, ఆక్సిజన్ వాడకానికీ నడకలో ఉన్నంత పొంతన ఉండదు. జిమ్‌లో కరెంటు పోయి ఫ్యాన్లు ఆగినరోజు 190 చూపించిందని ఆశ్చర్యపోయారు. ఆ రోజు మీరేం ఎక్కువ చేయలేదు. ఒంటిని చల్లబరచడానికి గుండె ఎక్కువగా కొట్టుకుంది, వాచీ దాన్ని కష్టం కింద రాసుకుంది. మన కావలి ఉక్కపోతలో ఊరికే నిలబడ్డా సగం జిమ్ చేసినట్టు చూపించే వాచీలుంటాయి! తోటికోడలి అంకెతో పోల్చేముందు రెండు వాచీలూ ఒకే లెక్క చూపిస్తున్నాయో లేదో కూడా చూడండి. కొన్ని వ్యాయామం వల్ల అదనంగా పోయినవే చూపిస్తాయి, కొన్ని కూర్చున్నా పోయేవి కూడా కలిపేస్తాయి. ఆమె 350లో అరవై, డెబ్బై అలాంటివే కావచ్చు.

ఇంతవరకు చదివి "అయితే మా ఆయనే గెలిచాడు" అనుకుంటున్నారేమో. ఆయన లెక్క సరైనదే. ఆయన లెక్కపెట్టిన వస్తువే వేరు.

మీరు జిమ్‌కి వెళ్లింది 6.1 చూసి. అది కొవ్వు అంకె కాదు, రక్తంలో చక్కెర అంకె. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే మధుమేహానికి ముందు దశ అంటారు. భోజనం తర్వాత రక్తంలోకి వచ్చే చక్కెరని ఎక్కువగా లాక్కుని దాచుకోగల చోటు కండరాలే. సెట్ మొదలైన తొలి కొన్ని సెకన్లు కండలో అప్పటికే సిద్ధంగా ఉన్న ఇంధనంతో గడుస్తాయి. ఆ తర్వాత కండ తనలో దాచుకున్న చక్కెర నిల్వని, అంటే గ్లైకోజన్‌ని, ఆక్సిజన్ కోసం ఆగకుండా విరుచుకుని వాడుకుంటుంది. మీకు తొడలు మండేది అప్పుడే. అలా కాస్త ఖాళీ అయిన కండ తర్వాత ఒక రోజు, ఒకటిన్నర రోజు రక్తంలోంచి చక్కెరని మామూలు కంటే సులువుగా లోపలికి తీసుకుంటుంది. పనిచేస్తున్న కండయితే ఇన్సులిన్ పెద్దగా అవసరం లేకుండానే తీసుకుంటుంది. మీకు కావాల్సింది సరిగ్గా ఇదే. ఇది వాచీ తెర మీద పడదు.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒక్కో లిఫ్ట్ కొన్ని సెకన్లు. ఆ రోజు వేదిక మీద ఆమె ఖర్చు చేసిన కేలరీలు లెక్కేస్తే మీ వారి దోసెలో ఒక ముక్కకి కూడా సరిపోవు.

మీ వారికి ఈ సంగతి శరీర శాస్త్రంలో చెప్పక్కర్లేదు, మేత భాషలో చెప్పండి. చెరువులో ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకి ఎంత మేత పట్టిందన్న లెక్క) ఒక్కటే చూసి ఆయన రైతుకి భరోసా ఇస్తారా? మేత లెక్క బ్రహ్మాండంగా ఉన్నా రొయ్యని చేత్తో నొక్కి చూసి, లూజ్ షెల్ (లోపల కండ పట్టక పెంకు వదులైపోవడం) ఉంటే మొహం మాడ్చుకుంటారు. మీ విషయంలో ఆయన మేత లెక్క మాత్రమే చూస్తున్నారు. నడుము కొలత, గ్యాస్ బండ, రక్తపరీక్ష పట్టించుకోలేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. జిమ్ పూర్తిగా మానేసి తోటికోడలితో నడకకి వెళ్లడం చెడ్డ దారేం కాదు. వారానికి అయిదు రోజులు ముప్పావు గంట చురుగ్గా నడిస్తే బరువుల కంటే ఎక్కువ కేలరీలు పోతాయి, చక్కెర మీద కూడా మంచి ప్రభావమే ఉంటుంది, డబ్బు ఖర్చు లేదు, ఇంట్లో పోరూ తగ్గుతుంది. పోగొట్టుకునేది కూడా తెలుసుకోండి. నలభై దగ్గర పడుతున్నారు. ఈ వయసు నుంచి వాడని కండ ఏటా కొంచెం కొంచెంగా తగ్గుతూ వస్తుంది. నడక కాళ్లని కదిలిస్తుంది కానీ వీపుకీ, చేతులకీ బలమివ్వదు. ఇప్పుడొచ్చిన బలం కొన్ని నెలల్లో సన్నగిల్లుతుంది, బండ మళ్లీ గుమ్మం దగ్గరే ఎవరికోసమో ఎదురుచూస్తుంది. ఇంకొకటి, రోహిణి కార్తెలో సాయంత్రం అయిదింటికి ఆ గ్రౌండ్‌లో నడవగలరా? మే నెలలో మానేసి జూన్‌లో మొదలుపెట్టేవాళ్లలో చాలామంది జూన్‌లో మొదలుపెట్టరు.

రెండో దారి ప్రస్తుతం మీరు పట్టింది: బరువులు, దానికి తోడు పస్తు. తూకంలో అంకె తొందరగా పడుతుంది, నిజమే. బరువుల సాధన లేకుండా తిండి మాత్రమే తగ్గించినప్పుడు తగ్గే బరువులో సుమారు పావు వంతు కొవ్వు కానిది ఉంటుంది. మీరు బరువులెత్తుతున్నారు కాబట్టి నష్టం అంత ఉండకపోవచ్చు. అయినా కండ కట్టాల్సిన సరుకే లోపలికి వెళ్లడం లేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క ప్రకారం కిలోకి 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి, మీకు రోజుకి 58 గ్రాములు. మీరు రాసిన తిండి చూస్తే, పొద్దున దోసెలు, మధ్యాహ్నం చారన్నం, పెరుగు, ఆదివారం చేపల పులుసు. ఆదివారం సంగతి సరే. మిగతా రోజుల్లో నలభై కూడా దాటదు. గుడ్డుకి ఆరు గ్రాములు, గ్లాసు పాలకి ఆరో ఏడో, గట్టి పప్పు కప్పుకి ఏడెనిమిది వస్తాయి. రాత్రి రెండు చపాతీలు, గట్టి పప్పు, ఒక గుడ్డు పెట్టుకుంటే ఈ లోటు చాలావరకు తీరుతుంది. కోత పెట్టాలనుంటే టీలలో పెట్టండి. రోజుకి నాలుగు టీలు, రెండేసి చెంచాల చక్కెర అన్నారు. ఆ చక్కెరే 130 కేలరీల పైన, మీ జిమ్ మొత్తం అందులోనే కొట్టుకుపోతోంది. జిమ్ రోజున "ఎలాగూ కరిగించాను కదా" అని హోటల్లో నెయ్యి కారం దోసె తినడం గురించి కూడా రాశారు. అది ఒక్కటే 140 దాటిపోతుంది. తినొద్దని కాదు, కారం దోసె తినకుండా నెల్లూరు జిల్లాలో ఎలా బతుకుతాం? జిమ్ ఖాతాలో మాత్రం రాసుకోకండి.

మూడో దారి రెండూ కలపడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకి చెప్పింది కూడా ఇదే: వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి నడక లాంటిది, దానికి తోడు కనీసం రెండు రోజులు కండలకి పని. మీకు మూడు రోజులు జిమ్ కుదరకపోతే రెండు చేసుకోండి. ఆ రెండు రోజులు నిజంగా బరువు పెంచుతూ చేయండి, అయిదు నెలలుగా అదే 20 కిలోల బార్ దగ్గర ఆగిపోయినట్టున్నారు. నడకకి గంట దొరక్కపోతే మధ్యాహ్నం స్కూల్లో భోజనమయ్యాక పది నిమిషాలు, రాత్రి తిన్నాక పదిహేను నిమిషాలు నడవండి. తిన్న వెంటనే నడిచే నడకకి చక్కెర మీద పట్టు ఎక్కువ. దీని ఖరీదు టైము. రాత్రి మీరు నడుస్తుంటే గిన్నెలు ఎవరు సర్దుతారు, పిల్లల హోంవర్క్ ఎవరు చూస్తారు అన్నది ముందే తేల్చుకోకపోతే ఈ దారి రెండు వారాలకి మించి నడవదు. నేనైతే ఈ మూడోదాని వైపే మొగ్గుతాను, కానీ మీ ఇంట్లో ఆ పావుగంట ఎవరిస్తారో నాకు తెలియదు, మీకు తెలుసు.

అత్తగారి భయాన్ని తీసిపారేయకండి. కాన్పుల తర్వాత ఆ బాధ పడ్డ ఆడవాళ్లని ఆమె తరం దగ్గర్నుంచి చూసి ఉంటుంది. ఇప్పటికే కింద బరువుగా లాగినట్టున్నా, దగ్గితే తుమ్మితే మూత్రం జారుతున్నా బరువు పెంచే ముందు గైనకాలజిస్టుకి చూపించుకోండి. అలాంటివేమీ లేకపోతే ఊపిరి వదులుతూ, పద్ధతిగా ఎత్తే ఈ బరువుల వల్ల భయం అక్కర్లేదు. ఆ గ్యాస్ బండ గ్యాస్‌తో కలిపి దాదాపు 30 కిలోలుంటుంది, మీ బార్ కంటే ఎక్కువ. అది ఎత్తినప్పుడు ఎవరూ వద్దనలేదు కదా!

మీ వారికి అంకెలంటే ఇష్టం కాబట్టి అంకెలే ఇవ్వండి. జిమ్‌లో వాచీ తీసి బ్యాగులో వేసుకోండి. పొద్దున్నే "ఎంత?" అంటే ఎన్ని కిలోలెత్తారో చెప్పండి. నెలకోసారి బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలిచి రాసిపెట్టండి. మన ఆడవాళ్లకి 80 సెంటీమీటర్ల లోపు ఉండటం మంచిదంటారు, మీరు ఎక్కడున్నారో తెలుస్తుంది. హెచ్‌బీఏ1సీ దాదాపు మూడు నెలల సగటు చెబుతుంది. మీరు మొదలుపెట్టి అయిదు నెలలైంది, ఇంకా రెండోసారి చేయించుకోలేదు! ఈ నెలలోనే చేయించుకోండి. తగ్గితే సరే. తగ్గకపోయినా, పెరిగినా జిమ్‌నో వాచీనో నిందించకుండా, ఈ మూడు వారాలు ఏం తిన్నారో కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. మందులు మొదలుపెట్టాలా, ఆగాలా అన్నది ఆయన చెబుతారు. వెళ్లేటప్పుడు మీ వారిని కూడా తీసుకెళ్లండి, దోసె లెక్క ఆయనే స్వయంగా అడుగుతారు.